ఖాతాలో బీడీ తాగరాదు

సూరత్‌లో ఖాతా అంటే ఏమిటో నాకు తెలుసు. తెలుసా అని అడిగినవాళ్లకు ఆ రోజు చెప్పలేదు. ఇంత చిన్న మాట దాచిపెట్టి ఒక మనిషిని దొంగను చేయవచ్చని, చేసేదాకా నాకూ తెలియదు.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. తెలుగువాళ్లందరికీ ఖాతా అంటే బ్యాంకులో ఉండేది, లేదా ఫోన్‌లో పేరూ పాస్‌వర్డూ పెట్టి తెరుచుకునేది. సూరత్‌లో మగ్గాల మీద బతికేవాళ్లకు మాత్రం ఖాతా అంటే పవర్‌లూమ్ మగ్గాలు నడిచే షెడ్డు. అది గుజరాతీల మాట. పనితో పాటు మనవాళ్లు దాన్నీ నేర్చుకున్నారు. ‘ఏ ఖాతాల చేస్తున్నవ్’ అంటే ఏ షెడ్డులో పని అని. ‘ఖాతా బంద్’ అంటే ఇవాళ మగ్గాలు నడవవని. తెలుగువాళ్లుండే పర్వత్ పాటియా సందుల్లో పొద్దున నడిచి చూడండి, ఖాతా అన్న మాట ప్రతి టీకొట్టు దగ్గరా వినబడుతుంది. అక్కడ ఎవరూ బ్యాంకు గురించి మాట్లాడుకోవడం లేదు.

ఆ మనిషిని అందరూ మాస్టర్ అనేవారు. బడి మాస్టరు కాదు. మొరాయించిన మగ్గాన్ని విప్పి నడిపించేవాడిని, షిఫ్టు మొత్తం మీద కన్నేసి ఉంచేవాడిని ఇక్కడ మాస్టర్ అంటారు. ఆయన ఖాతాలో నూలు గది తాళాలు కూడా ఆయన మొలతాడుకే ఉండేవి. పేరు రాయను. ఆయన పేరు ఇప్పటికే ఒకచోట ఉండకూడని విధంగా ఉంది. ఇంకోచోట కూడా ఎందుకు?

నేను ఆయన్ని ముందు ఎరిగింది మనిషిగా కాదు, చెరిపేసే చెయ్యిగా. అంతర్జాలంలో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. సూరత్ శివార్లలో కడోదరాలో ఒక డైయింగ్ మిల్లు ల్యాబులో రంగులు సరిపోల్చడం నా ఉద్యోగం, ఇల్లు నగరంలోని అడాజన్‌లో. ఆదివారాలు కూర్చుని ఆ సర్వస్వంలో అద్దకాల గురించీ, గుజరాత్ ఊళ్ల గురించీ రాసేవాణ్ని. అక్కడ రాసేవాళ్లలో చాలామందికి మారుపేర్లు ఉంటాయి. నాకూ ఉంది. ఈయన మాత్రం ఇంటిపేరుతో సహా సొంత పేరు పెట్టుకున్నాడు. కొత్తగా రాసేది తక్కువ. ఇతరులు రాసింది చదివి, ఆధారం చూపని వాక్యాన్ని తీసేయడమే ఆయన పని. తీసేసిన ప్రతిసారీ కారణం రాయాలి కదా, ఆ గడిలో ఎప్పుడూ రెండే మాటలు ఉండేవి: ‘ఎవరు చెప్పారు?’

ఒకడు తన ఊరి జనాభాను లక్ష దాటిస్తాడు. ఎవరు చెప్పారు? ఒకాయన తనను తాను మహాకవుల వరసలో కూర్చోబెట్టుకుంటాడు. ఎవరు చెప్పారు? ఒకరెవరో ఫలానా ఆకు నమిలితే చక్కెర జబ్బు పోతుందని రాస్తారు. ఎవరు చెప్పారు? ఇంతవరకు బాగానే ఉంది, అందరం మెచ్చుకున్నాం. కానీ ఆయన అక్కడితో ఆగే మనిషి కాదు. సూరత్ పేజీలో ‘తాపీ నది ఈ నగరం గుండా ప్రవహిస్తుంది’ అని నేను రాసిన వాక్యం పక్కన కూడా ఆధారం కావాలని గుర్తు పెట్టాడు. సూరత్‌లో ఉండి, రోజూ వంతెన దాటే మనిషి. తర్వాత మొదటిసారి కలిసినప్పుడు దాని గురించి ఎద్దేవా చేశాను. ఆయన నవ్వలేదు.

“నాకు కనవడ్తది సార్. వరంగల్‌ల కూసున్నోనికి కనవడ్తదా?”

తప్పులూ చేశాడు. ఒక ఊళ్లో ఏటా జరిగే జాతరను, పత్రికల్లో ఎక్కడా దొరకలేదని, పేజీలోంచి తీసేశాడు. ఆ ఊరివాళ్లు చర్చ పేజీలో లబలబలాడారు. మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం, కళ్లు పోయాయా అని తిట్టారు. నిజమే అయి ఉండవచ్చు, కానీ ఆధారం లేదని ఆయన జవాబు. ఆ జాతర నిజంగానే జరుగుతుంది. మూడోసారి ఎవరో జిల్లా పుస్తకంలోంచి పేజీ చూపించాక గానీ తిరిగి పెట్టనివ్వలేదు. పెట్టాక క్షమాపణా చెప్పలేదు. ‘ఇప్పుడు సరే’ అన్నాడు, అంతే.

ఆయన నా మీదికి వచ్చింది ‘సూరత్‌లో తెలుగువారు’ అన్న పేజీ దగ్గర. ఆ పేజీ దాదాపు నేనే రాశాను. మా మామగారు ఒకప్పుడు పర్వత్ పాటియాలో ఒక గది అద్దెకు తీసుకుని, షిఫ్టు దిగిన తెలుగు మగ్గం పనివాళ్లు పేపర్లు చదువుకోవడానికి రెండు బల్లలు వేయించారు. ఆ గది ఇప్పుడు లేదు, మామగారూ లేరు. ‘సూరత్‌లో మొదటి తెలుగు గ్రంథాలయాన్ని స్థాపించింది ఆయనే’ అని రాశాను. నా భార్య సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఆ వాక్యం ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. వారం తిరక్కుండా ఆ వాక్యం లేదు. ఎవరు చెప్పారు?

తిరిగి పెట్టాను. తీసేశాడు. మళ్లీ పెట్టాను. ఈసారి ఒక మాట ఎక్కువ రాశాడు: ‘ఆధారం ఇవ్వండి సార్.’

మా ఇంట్లో అది చిన్న విషయం కాలేదు. చుట్టాల్లో ఒకావిడ ఆ పేజీ తెరిచి చూసి, మీ బాపు పేరు ఏదీ కనిపించడం లేదే అని ఫోన్ చేసింది. నా భార్య ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, “మా బాపును తీసేసేటోడు ఎవడు, నువ్వు చూస్తూ కూసునేటోనివి ఎందుకు?” అంది.

ఎవడో నేనూ ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ అనుమానం పెరిగింది. సొంత పేరు, ఇంటిపేరు పెట్టుకున్న మనిషి నా పేజీలనే ఎందుకు చూస్తున్నాడు? మామగారికీ, ఇక్కడి తెలుగు సంఘంలో ఇంకో వర్గానికీ ఒకప్పుడు పడేది కాదు. ఈ ఇంటిపేరు వాళ్లు ఆ వర్గంలో ఉన్నారేమో. ఎవరో చెప్పి చేయిస్తున్నారేమో. నిజానికి ఆయన నా పేజీలనే కాదు, అందరి పేజీలూ చూస్తున్నాడు. అది నాకు కళ్లెదురుగానే ఉంది. కానీ అనుమానం పట్టిన మనిషికి తన పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇంటిపేరు ఉంది కాబట్టి నంబరు దొరకడం కష్టం కాలేదు. ఫోన్ చేస్తే అవతల మగ్గాల మోత. ఆ మోతలోంచి గట్టిగా అరిచాడు:

“ఖాతాల ఉన్న. ఇనవడ్తలేదు. ఖాతాకే రాండ్రి.”

వెళ్లాను. మామగారు ఆ గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్న పాత ఫోటో సంచిలో పెట్టుకున్నాను.

మాస్టర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, కళ్లద్దాలు నుదుటి మీద, మీసంలో నూలు పీచు. మోతలో మాట్లాడీ మాట్లాడీ, బయట నిశ్శబ్దంగా ఉన్నా ఆయన గొంతు తగ్గేది కాదు. సందులో వాళ్లందరికీ మా సంభాషణ వినిపించింది. ముందు నేనెవరో అడిగాడు. చెప్పాను. ఎవరు పంపారో అడిగాడు. ఎవరూ పంపలేదన్నాను. నమ్మినట్టు లేదు. లోపలికి తీసుకెళ్లి స్టూలు చూపించి, నా ముందే కొత్తగా దిగిన గుడ్డను వెలుతురుకు పట్టి చూడసాగాడు. అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో నిమిరి చూసేవాడు. ఎందుకలా అన్నాను. అరచెయ్యి పని చేసి మొద్దుబారిందట, గుడ్డలో లోపం ఉన్నా బాగుందనే చెబుతుందట. “నా అరచెయ్యిని నేనే నమ్మ” అన్నాడు.

ఫోటో ఇచ్చాను. చూశాడు. వెనక్కి తిప్పి అక్కడేమన్నా రాసి ఉందేమో చూశాడు. మళ్లీ ముందుకు తిప్పి చాలాసేపు చూశాడు.

“మంచిగున్నడు మీ మామ. కని మొదటిది అని ఫోటోల ఏడున్నది?”

ఇక్కడ పాతవాళ్లెవరినైనా అడగండి, చెబుతారన్నాను. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఎవరినో అడుగుడెందుకు? నేనే ఆ రూమ్‌ల పేపర్ సదివిన. సూరత్‌కు వచ్చిన కొత్తల నాకు ఆడనే జర మనసుకు మంచిగుండేది. మీ మామ నాకు చాయ్ గుడ తాపిండు. గందుకే తీసేసిన సార్. నా మనసు ఆయన దిక్కున్నది. నా మాట నడవది.”

ఇప్పుడు ఈ మాట రాస్తుంటే దాని బరువు తెలుస్తోంది. అప్పుడు నాకు అది ఎత్తులా అనిపించింది. మామగారి చాయ్ తాగానని చెప్పి నన్ను మెత్తబరుస్తున్నాడు, వెనక వేరే ఉంది అనుకున్నాను. ఇంటికి వెళ్లి నా భార్యకు ఆ సంగతి చెప్పనేలేదు. చెబితే ఆమె ఆయన పక్షం తిరుగుతుందేమోనని కూడా అనుమానించాను.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. వెళ్లడానికి లేచాను. గేటు దగ్గర మాస్టర్ చెయ్యి చాచాడు. షేక్‌హ్యాండ్ అనుకుని నేనూ చెయ్యి చాచాను. ఆయన అడిగింది నా సంచి. ఖాతాలోంచి బయటికి వెళ్లే ప్రతి సంచినీ చూడాలట. నూలు కండెలు పోతుంటాయట. నేను మిల్లులో ల్యాబు ఇన్‌ఛార్జిని, మీ గుడ్డకు రంగు వేసేవాణ్ని అన్నాను.

“సేట్ సంచి గుడ చూస్త సార్. ఏమనుకోకుండ్రి.”

సేట్ అంటే ఖాతా యజమాని. టిఫిన్ డబ్బా తీసి మూత విప్పి చూశాడు. మజ్జిగ సీసా పక్కన పెట్టాడు. చాయ్‌కి బయటికొచ్చిన పనివాళ్లు గోడకు ఆనుకుని చూస్తున్నారు. ఒకడు గుజరాతీలో ఏదో అన్నాడు, పక్కవాడు నవ్వాడు. మాస్టర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగి సర్ది, మామగారి ఫోటోను మడత పడకుండా పైన పెట్టి, సంచి నా చేతికిచ్చాడు. అడాజన్ వచ్చేదాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆ సర్వస్వంలో ఒక గొడవ మొదలైంది. ఒక సినిమా హీరో అభిమానులు ఆయన పేజీలో వసూళ్ల లెక్కలు ఇష్టమొచ్చినట్టు పెంచుతూ పోయారు. మాస్టర్ తీసేస్తూ పోయాడు. ఆయన ఒక్కడే కాదు, కొత్తగా చేరిన మరికొందరు కూడా తీసేస్తున్నారు. అందరిదీ అదే మాట: ఎవరు చెప్పారు? అభిమానులు నిర్వాహకులకు ఫిర్యాదు చేశారు. వీళ్లందరూ ఒక్కడే, పేర్లు మార్చి రాస్తున్నాడు అని. ఒకే మనిషి చాటుగా నడిపే అదనపు ఖాతాలను అక్కడ దొంగ ఖాతాలంటారు. అది పెద్ద నేరం. అలాగే ఒక ఖాతాను పదిమంది కలిసి వాడటం కూడా కుదరదు. నిర్వాహకులు పరీక్షించి చూస్తే ఆ రాతలన్నీ సూరత్‌లో ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వస్తున్నాయని తేలింది.

సంగతేమిటో నాకు వెంటనే అర్థమైంది. ఆ ఖాతాలో నేను కూర్చున్న రోజే చూశాను. చాయ్ వేళ పనివాళ్లు ఆయన చుట్టూ చేరి ఫోన్‌లో తమ తమ ఊళ్ల పేజీలు తెరిపించుకున్నారు. ఆయన వాళ్లకు తలా ఒక పేరు పెట్టుకోవడం నేర్పించాడు. కనెక్షన్ షెడ్డుది. మనుషులు వేరువేరు.

నిర్వాహకులు మాస్టర్‌ను సంజాయిషీ అడిగారు. అప్పటిదాకా ఆయన అక్కడ రాసిన ప్రతి మాటా బడిపుస్తకం భాషలో, ఆచితూచి ఉండేది. దొంగ అన్న మాట చూడగానే ఆ భాష జారిపోయింది. నోటి మాటే రాసేశాడు:

‘మేం నలుగురం గాదు, పదిమందిమి ఉన్నం. అందరం ఒక్క ఖాతాలనే పనిచేస్తం. ఎవరికి టైం దొరికితే వాళ్లు రాస్తరు. గిందుల దొంగతనం ఏమున్నది?’

పర్వత్ పాటియాలో ఎవరు చదివినా ఆ మాటకు అర్థం ఒక్కటే: ఒకే షెడ్డులో పనిచేసే పదిమందిమి, ఎవరిది వాళ్లు రాసుకుంటున్నాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివినవాళ్లకు అర్థమయ్యేది ఇంకొకటి: పదిమందిమి కలిసి ఒకే ఖాతా వాడుతున్నాం. ఆయన తన నిర్దోషిత్వం చెప్పుకున్నాననుకున్నాడు. వాళ్లు నేరం ఒప్పుకున్నాడనుకున్నారు.

నిర్వాహకుల్లో ఒకావిడ నెమ్మదైన మనిషి. తొందరపడలేదు. అందరూ చూసే చర్చ పేజీలోనే నన్ను అడిగింది. మీరూ సూరత్‌లోనే ఉంటారు కదా, ఈయన మీకు తెలుసా, ఆయన చెప్పినదాన్ని మేం సరిగానే అర్థం చేసుకున్నామా అని.

నేను జవాబు రాశాను. ‘వ్యక్తిగతంగా పరిచయం లేదు. ఆయన రాసింది స్పష్టంగానే ఉంది.’

మొదటి వాక్యం అబద్ధం. రెండోది అబద్ధం కాదు. అందుకే అది మొదటిదానికన్నా నీచమైనది. ఆయన రాసింది నాకు స్పష్టంగానే ఉంది. రాస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మామగారి గ్రంథాలయం కూడా కాదు. గేటు దగ్గర మూత విప్పిన నా టిఫిన్ డబ్బా.

ఆ సాయంత్రమే ఆయన్ని శాశ్వతంగా నిరోధించారు. పనివాళ్ల పేర్లనూ నిరోధించారు. అలా నిరోధానికి గురైనవాళ్లకు తమ పేజీలో తాము జవాబు రాసుకోవడానికి కూడా వీలుండదు. ఆయన పేజీ నిండా ఎర్రటి గడి ఒకటి వచ్చి కూర్చుంది: ‘ఈ వాడుకరి దొంగ ఖాతాలు నడిపినందున నిరోధించబడ్డారు.’ పైన ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన చేసిన దిద్దుబాట్లను ఎవరో వరసగా వెనక్కి తిప్పారు. ఆ వరసలో మా మామగారి వాక్యం దానంతటదే తిరిగొచ్చింది. సూరత్‌లో మొదటి తెలుగు గ్రంథాలయం. నా భార్య మళ్లీ ఫోటో తీసి పంపింది.

ఆయన ఊరుకుంటాడని నేను నమ్మలేదు. మారుపేరుతో వస్తాడు, రావాలి, వస్తే నేను చేసినదానికి కొంత న్యాయం ఉన్నట్టవుతుంది. కొత్తగా చేరిన ప్రతి పేరునూ వెతికాను. ఎవరైనా ఆధారం అడిగితే చాలు, వాళ్ల పాత రాతలన్నీ తవ్వి చూశాను. ఎక్కడా లేడు. సొంత పేరు ఒక్కటే ఉన్న మనిషి, ఆ పేరు పోయాక ఇక రాలేదు. ఆయన చేసిన పనిని, అంటే అందర్నీ అనుమానించడాన్ని, నేను చేస్తున్నానని తెలియడానికి కూడా చాలా కాలం పట్టింది. ఆయన వాక్యాలను అనుమానించేవాడు. నేను మనుషుల్ని.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ఈ మధ్య ఒక మధ్యాహ్నం కడోదరాలో మా మిల్లు బయట చాయ్ తాగుతున్నాను. పక్కన ఎవరో ఫోన్‌లో తెలుగులో అంటున్నాడు, ఖాతాకే పోతున్న, మళ్ల చేస్త అని. అతను ఫోన్ పెట్టేశాక ఊరు అడిగాను, పని అడిగాను. దగ్గర్లోనే కొత్త షెడ్డట. పని బాగానే ఉందిగానీ గుడ్డ చెకింగు చేసే ముసలాయనతోనే తలనొప్పి అన్నాడు.

“ఏం జెప్పినా నమ్మడు సార్. జరమొచ్చిందంటే గుడ ఎవరు జెప్పిన్రు అంటడు.”

ఆ షెడ్డు ఎక్కడో దారి అడిగి తెలుసుకున్నాను.

మరుసటి రోజు భోజనం వేళ వెళ్లాను. మాస్టర్ షెడ్డు బయట గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. మీసం తెల్లబడింది. మొలతాడుకు తాళాలు లేవు. నన్ను గుర్తుపట్టాడు, పట్టినట్టు కనబడనివ్వలేదు.

“ఎవరు పంపిన్రు?”

ఎవరూ పంపలేదన్నాను. ఈసారీ నమ్మలేదు. పక్కన కూర్చున్నాను. పర్వత్ పాటియా ఖాతా ఎందుకు మానేశారని అడిగాను. ఎవరి గురించో చెప్పినట్టు చెప్పాడు.

ఆయన ఖాతాలో పనివాళ్లు ఒకరోజు ఫోన్‌లో ఆయన పేరు వెతికారట. ఎర్ర గడి కనిపించింది. దొంగ ఖాతాలు నడిపినందున. సైటు సంగతి తెలియని కొత్తవాళ్లకు ఆ మాట ఏమని అర్థమవుతుంది? వాళ్లకు ఖాతా అంటే ఒక్కటే. దొంగ ఖాతా అంటే దొంగ సరుకు నడిపే షెడ్డు. ముందు నవ్వులాటకే మొదలైంది, ‘దొంగ ఖాతా మాస్టర్ వచ్చిండు’ అని. తర్వాత ఎవరో దాన్ని హిందీలోకి మార్చి సేట్ చెవిలో వేశారు. చోర్ ఖాతా. సేట్ నమ్మాడో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఏమీ అనలేదట. కానీ ఒక సాయంత్రం గేటు దగ్గర, మాస్టర్ అందరి సంచులూ చూసి అయ్యాక, మీ సంచి కూడా ఒకసారి చూపించండి అన్నాడట, నవ్వుతూనే.

“చూపిచ్చిన. చూపియ్యాలె గద. నేను అందరియి చూసేటోన్ని” అన్నాడు. “మల్ల తాళాలు బల్ల మీద పెట్టి వచ్చిన. సేట్ మల్ల పిల్వలె.”

తప్పు సైటుదే అన్నట్టు నేను ఏదో గొణిగాను. ఒక మాటకు రెండు అర్థాలు ఉంటే వాళ్లేం చేస్తారు అన్నాను. అది కూడా తప్పించుకోవడమే. ఆయన నా ముఖంలోకి చూశాడు, గుడ్డను వెలుతురుకు పట్టి చూసినట్టు.

అప్పుడు చెప్పాను. నన్ను అడిగారని, నాకు తెలుసని, చెప్పలేదని. సంచి చూసినందుకు అని కూడా చెప్పాను. క్షమించమన్నాను.

ఆయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. లేదంటే పోనీలెండి సార్ అంటాడనుకున్నాను. రెండూ కాలేదు.

“ఇప్పుడెందుకు జెప్తున్నవ్?” అన్నాడు. సార్ పోయింది, మీరు పోయింది. “ఏం గావాలె నీకు? కొత్తగ ఏమన్న రాస్తున్నవా? నన్ను సాక్షి పెట్టుకుంటవా?”

ఏమీ అక్కర్లేదన్నాను. ఆ మాటకూ నా దగ్గర ఆధారం లేదు. ఆయన లేచి డబ్బా కడుక్కుని వచ్చాడు. మూత బిగించి అన్నాడు:

“ఖాతా అంటే ఏందో నాకు జెప్తే ఏం లాభం? నాకు తెల్వదా? అడిగినోళ్లు ఆడున్నరు. ఆడ జెప్పు.”

చెబుతానన్నాను. రెండడుగులు వేసి ఆగాడు.

“వట్టిగ జెప్తే ఎవరు నమ్ముతరు? ఆధారం పెట్టు.”

నన్ను గేటు లోపలికి తీసుకెళ్లాడు. మగ్గాలు నడుస్తున్నాయి, మాట వినబడదు. గోడ మీద ఎర్ర రంగుతో రాసిన ఒక హెచ్చరికను వేలితో చూపించాడు. హిందీలో ఉంది: ఖాతాలో బీడీ తాగరాదు. దాని కింద అదే మాట తెలుగులో, వంకర అక్షరాలతో. నేను ఫోన్ తీసి తెలుగు వాక్యం మీదికి పట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పైకి జరిపాడు. బయటికి వచ్చాక చెప్పాడు.

“తెలుగుది నేనే రాసిన. అది నడవది. పైది మొదటి నుంచి ఉన్నది. గది పెట్టు.”

వెళ్లేటప్పుడు నా సంచి నేనే తెరిచి చూపించాను. ఇప్పుడది ఆయన పని కాదు. అయినా లోపలికి తొంగి చూశాడు.

ఇంటికి వచ్చి ముందు మామగారి వాక్యంలో ‘మొదటి’ అన్న మాట తీసేశాను. నా భార్యకు అంతా చెప్పాను, చాయ్ సంగతితో సహా. “మొదటిది తీసేస్తే తీసెయ్” అంది. “ఆయన మా బాపు రూమ్‌ల పేపర్ సదివిండని ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలె?”

తర్వాత ఆ పాత చర్చ పేజీ తెరిచి, నేను అప్పుడు రాసిన రెండు వాక్యాల కింద, మారుపేరు వదిలి నా సొంత పేరుతో ఇలా రాశాను:

‘నిర్వాహకులకు, ఇక్కడ చదివేవారందరికీ. ఈయన మీకు తెలుసా అని నన్ను అడిగారు. పరిచయం లేదన్నాను. ఉంది. సరిగానే అర్థం చేసుకున్నామా అని అడిగారు. స్పష్టంగానే ఉందన్నాను. అది నాకు స్పష్టం, మీకు కాదని నాకు తెలుసు. సూరత్‌లో ఖాతా అంటే మగ్గాల షెడ్డు. ఆయన ఒప్పుకున్నది పదిమంది ఒకే షెడ్డులో పనిచేస్తున్నామని మాత్రమే. ఆధారంగా ఒక షెడ్డు గోడ మీది హెచ్చరిక ఫోటో కింద పెట్టాను. మీరు అనుకున్న ఖాతాలో ఎవరూ బీడీ తాగలేరు. ఎర్ర గడిని తీసేయమని నా మనవి. మాస్టర్ గారూ, మీరు దొంగ కాదు. అది తెలిసీ దొంగ అన్న మాటను మీ పేరు మీద ఉండనిచ్చాను. క్షమించండి. ఎవరు చెప్పారని మీరు అడుగుతారు. నేనే చెబుతున్నాను. అప్పుడే చెప్పవలసింది.’